పచ్చ టిక్కు

మా స్కూల్లో టీచరుకి నెలకి రెండు మార్కర్లు ఇస్తారు, ఒకటి నలుపు, ఒకటి నీలం. మూడోది కావాలంటే ఆఫీసులో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే గుమాస్తా శ్యామ్ బాబు ముందు నిలబడి, పాతది ఎండిపోయిందని కాగితం మీద గీసి చూపించాలి. ఎరుపు, ఆకుపచ్చ అసలివ్వరు. అవి నేను సొంతంగా కొనుక్కునేదాన్ని. నాకు బోర్డంటే పిచ్చి అని స్టాఫ్‌రూములో నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకునేదాన్ని. ఆ రెండు రంగుల్లో ఒకటి నా చేతికి రాకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు రోజూ అనుకుంటున్నాను.

నా పేరు బాలకుమారి. గోవింద్‌పూర్‌లో ఒక ట్రస్టు నడిపే స్కూల్లో అయిదో తరగతి బి సెక్షన్ నాది. మా తాత కాకినాడ నుంచి కార్ఖానా పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, చర్చిలో రెండూ. ఆదివారం సండే స్కూల్లో పిల్లలచేత పది ఆజ్ఞలు బోర్డు మీద రాయించేది కూడా నేనే. అంటే అబద్ధం ఆడకూడదని ఊరందరికీ చెప్పే మనిషిని.

మూడేళ్ళ కిందట స్కూల్లో నల్లబోర్డులు పీకేసి తెల్లవి బిగించారు. బోర్డు తెల్లబడింది గాని పాఠం మారలేదు. మిగతా టీచర్లు పాత లెక్కే కొత్త బోర్డు మీదికి ఎక్కించి, పిల్లలచేత పుస్తకాల్లోకి దింపించేవారు. నాకలా కాలక్షేపం చెయ్యడం చేతకాదు. భిన్నాలు చెప్పాలంటే బోర్డుకి ఈ చివర గోవింద్‌పూర్, ఆ చివర బిష్టుపూర్ రాసి మధ్యలో ఆటో నడిపేదాన్ని. టెల్కో కాలనీ దగ్గర ఆటో ఆగితే దారిలో ఎన్నో వంతు అయినట్టు అని అడిగితే, లెక్కల పీరియడంటే కడుపునొప్పి తెచ్చుకునే పింటూ కూడా లేచి వచ్చి గీత గీసేవాడు.

రోజూ పొద్దున్న కావాలని ఒక తప్పు లెక్క రాసేదాన్ని. ఆ తప్పు పట్టుకున్నవాళ్ళే లేచి వచ్చి దాన్ని చెరపాలి, అదీ నియమం. టీచరు తప్పు చెరపడమంటే పిల్లలకి పండగ. ఇంకొకటి, ప్లాస్టిక్ కవర్లో తెల్లకాగితం దూర్చితే ప్రతి పిల్లకీ ఒక బుల్లి బోర్డు తయారు. ప్రశ్న అడగ్గానే నలభై రెండు బోర్డులూ పైకి లేవాలి. నోరు విప్పని పిల్లలకి ఏం వచ్చో, ఏం రాదో అప్పుడు తెలుస్తుంది.

ఈశ్వరి సంగతి నాకు అలాగే తెలిసింది. ఆ పిల్ల మా స్కూలు ఆయా సూరమ్మ కూతురు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు. తండ్రి బలరామ్ కాన్వాయ్ డ్రైవరు. కొత్త లారీలని ఇక్కణ్ణుంచి దేశమంతా తోలుకెళ్ళి అప్పజెప్పే పని, నెలకి పది రోజులు ఇంటి పట్టున ఉంటే ఎక్కువ. సూరమ్మకి చదువు రాదు, పేరు మాత్రం కూడబలుక్కుని రాస్తుంది. గదులు ఊడ్చి, టీలు అందించి, చీపుళ్ళూ బకెట్లూ నిచ్చెనా ఉండే సామాను గది తాళం కొంగున ముడేసుకుని తిరుగుతుంది. తల్లి తెలుగులో పిలిస్తే కూతురు హిందీలో జవాబిస్తుంది, అదీ రెండే మాటలు. కాని బుల్లి బోర్డు మాత్రం అందరికంటే ముందు లేచేది మూడో బెంచీలో, ఈశ్వరి చేతిలోనే.

ఇక ఆ ఎరుపు, ఆకుపచ్చల గొడవ మా ఇంట్లో మొదలైంది. మా ఆయన తోమాస్ లారీల విడిభాగాలు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఒకరోజు అన్నం తింటూ వాళ్ళ ఫ్యాక్టరీలో కొత్తగా పెట్టిన బోర్డు గురించి చెప్పాడు. ప్రమాదం జరగబోయి త్రుటిలో తప్పిపోతే దాన్ని నియర్ మిస్ అంటారట. ఏ పనివాడైనా తన పేరు లేకుండా ఆ సంగతి బోర్డు మీద రాయొచ్చు. రాయగానే పక్కన ఎర్ర చుక్క. బాగు చేశాక పచ్చ టిక్కు. పచ్చ పడితే ఆ పాయింటు క్లోజ్.

నాకు ఒళ్ళు పులకరించింది. నిజంగా అన్నీ బాగు చేశాకే పచ్చ పెడతారా అని అడిగాను. తోమాస్ నవ్వాడు. "ఆడిట్ వత్తాదంటే ఎర్ర చుక్క ఉంచుతారేటి కుమారీ? ముందు పచ్చ కొట్టీడమే. పని తరవాత సూసుకుంటారు. సబ్ ఐసే హీ చల్తా హై, అంతా ఇలాగే నడుస్తాది."

ఆ రోజు నేను ఆయనకి అరగంట క్లాసు తీసుకున్నాను. ఎవరి చెయ్యో మెషీన్లో పడేదాకా మీకు బుద్ధి రాదని అన్నాను. సరిగ్గా ఈ మాటే అన్నాను. నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆయనకీ గుర్తుంది, కాని ఆయన దాన్ని తిరిగి నా మొహాన కొట్టలేదు.

మర్నాడే నా బోర్డు కుడి మూల టేపు అంటించి జానెడు గడి కట్టాను. అది తప్పిన ప్రమాదాల గడి. ఇంటర్వెల్‌లో ఎవరైనా వచ్చి రాయొచ్చు, పేరు అక్కర్లేదు. నేను ఎర్ర చుక్క పెడతాను, సంగతి చక్కబడ్డాక పచ్చ టిక్కు పెడతాను. అంతవరకు ఆ గడిని ఎవరూ తుడవకూడదు. సూరమ్మకి కూడా చెప్పాను. ఆమె రోజూ బోర్డంతా తుడిచి ఆ మూల మాత్రం ముట్టుకునేది కాదు.

పిల్లలు విరగబడి రాశారు. గేటుకి మేకు పొడుచుకొచ్చి చొక్కా చిరిగింది. కుళాయి దగ్గర నాచు, జారిపోబోయాను. వెనక బెంచీవాడు కంపాసు ముల్లు కంటి దగ్గరికి తెచ్చాడు. నేను ఒక్కొక్కటీ వెంటపడి చేయించాను. మేకు పీకించాను. నాచు మీద బొగ్గుల బూడిద పోయించి గీకించాను. పచ్చ టిక్కు పడగానే క్లాసంతా చప్పట్లు కొట్టేది. పచ్చ పడిందంటే ఇక అటు భయం లేకుండా వెళ్ళొచ్చు, పరిగెత్తొచ్చు అని పిల్లలకి నేర్పింది నేనే. వాళ్ళు నమ్మారు. నేర్పినదాన్ని నమ్మడమే కదా వాళ్ళ పని.

ఏప్రిల్ మూడో వారం, మంగళవారం. ఎండ మండిపోతోంది. ఇంటర్వెల్ అయ్యాక గడిలో కొత్త వరస కనిపించింది. మూడో బెంచీ పైన ఫ్యాను ఊగుతోంది, టక్ టక్ అంటోంది, కిందికి ఎర్రటి పొడి రాలుతోంది అని హిందీలో రాసి ఉంది. పేరు లేదు గాని ఆ గుండ్రటి అక్షరాలు ఈశ్వరివని నాకు తెలుసు. తలెత్తి చూశాను. ఫ్యాను ఊగుతున్న మాట నిజమే. మా స్కూల్లో ఊగని ఫ్యాను ఏదీ లేదు. ఎర్ర చుక్క పెట్టి, ఆఫీసుకి వెళ్ళి శ్యామ్ బాబు ఫిర్యాదుల పుస్తకంలో రాసి వచ్చాను. ఎలక్ట్రీషియన్‌కి చెబుతానన్నాడు. తిరిగి వచ్చేసరికి ఈశ్వరి తన సంచీ తీసుకుని చివరి బెంచీలో నాలుగో మనిషిగా ఇరుక్కుని కూర్చుంది. ఎర్ర చుక్క ఉంది గనక నేనేమీ అనలేదు.

బుధవారం ఎవరూ రాలేదు. గురువారం ప్రిన్సిపాల్ గౌరీదేవి మేడమ్ పిలిచారు. నా బోర్డు పద్ధతుల సంగతి బిష్టుపూర్‌లో ఉన్న ట్రస్టు ఆఫీసుదాకా వెళ్ళిందట. శనివారం వాళ్ళు స్వయంగా వచ్చి చూస్తారట, నచ్చితే ట్రస్టు స్కూళ్ళన్నిటిలో ఇదే పద్ధతి పెడతారట, నాకు శాలువా కూడా కప్పుతారట. పదమూడేళ్ళ ఉద్యోగంలో ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడడం అదే మొదలు. నాకు సంతోషమైంది. కాదని అబద్ధం చెప్పను, చాలా సంతోషమైంది.

తర్వాత ఆమె నా క్లాసుకి వచ్చి బోర్డు చూసి, అన్ని పచ్చల మధ్యా ఆ ఒక్క ఎరుపూ బాగోలేదని అన్నారు. ఫ్యాను బాగయితే గాని పచ్చ పెట్టనని చెప్పాను. శ్యామ్ బాబుని పిలిచి అడిగారు. కబురు పెట్టాను, రేపు వస్తాడు అన్నాడు. ఇంకేం, అయిపోయినట్టే కదా అన్నారు మేడమ్.

శుక్రవారం నాకు వరసగా పీరియడ్లు, పైగా రేపటి కోసం బోర్డు ముస్తాబు. ఎలక్ట్రీషియన్ వచ్చాడో లేదో నేను చూడలేదు. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఆఫీసు కిటికీలోంచి ఫ్యాను సంగతేమిటని అడిగాను. శ్యామ్ బాబు తల ఎత్తకుండా, "హో గయా సమఝియే" అన్నాడు. అయిపోయిందనుకోండి అని. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, ఆ మాటకి అర్థం నాకు తెలియదని చెప్పను. ఇంకా కాలేదని దాని అర్థం. ఇంకోసారి అడిగితే నిజం చెప్పేవాడేమో. నేను అడగలేదు.

శనివారం అందరికంటే ముందు వచ్చి పచ్చ మార్కర్ తీశాను. ఫ్యాను అప్పుడు ఆగి ఉంది, ఆగి ఉన్న ఫ్యాను ఏదైనా బుద్ధిగానే కనిపిస్తుంది. ఎర్ర చుక్క పక్కన పచ్చ టిక్కు పెట్టాను. చిన్న టిక్కే పెట్టాను, అదేదో తప్పు చిన్నదయినట్టు.

పిల్లలు వచ్చారు. ఈశ్వరి చివరి బెంచీకి వెళ్ళింది. చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఒక బెంచీలో నలుగురు ఇరుక్కుని, మూడో బెంచీలో చోటు ఖాళీగా కనిపిస్తే బాగుండదు కదా. నీ చోటికి వెళ్ళమని చెప్పాను. ఆ పిల్ల పైకి ఫ్యాను వంక చూసింది, తర్వాత నా వంక చూసింది. నేను బోర్డు మూలకి వేలు చూపించాను.

ఈశ్వరి ఆ పచ్చ టిక్కు చూసి, "జీ మ్యామ్" అంది. సంచీ తీసుకుని మూడో బెంచీకి వెళ్ళి కూర్చుంది.

ట్రస్టు వాళ్ళు నలుగురు వచ్చారు. ఆటో నడిపాను, తప్పు లెక్క రాశాను, బుల్లి బోర్డులు లేపించాను. ఎప్పటిలాగే ఈశ్వరిదే ముందు లేచింది. గడి దగ్గర నిలబడి నన్ను ఫొటో తీశారు. వాళ్ళకి చెమటలు పడుతున్నాయని గౌరీదేవి మేడమే ఫ్యాన్ల రెగ్యులేటర్లన్నీ అయిదు మీద పెట్టారు. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టించారు, టీలకని పక్క గదికి వెళ్ళారు. నేను శాలువా మడిచి కుర్చీ మీద పెడుతున్నాను. టక్ టక్ చప్పుడు ఆగిపోయింది. అది ఆగిందేమిటా అని తల తిప్పేలోపు ఫ్యాను బెంచీ మీద పడింది.

పక్కనున్న పిల్లలకి గీరుకుపోయింది, అంతే. ఈశ్వరికి రెక్క దవడ మీద తగిలింది, మోటారు కుడి చేతి మీద పడింది. వరండాలో టీ పళ్ళెం పట్టుకుని వెళ్తున్న సూరమ్మ ఆ చప్పుడికి లోపలికి వచ్చింది. పళ్ళెం కింద పడెయ్యకుండా నా బల్ల మీద పెట్టి, అప్పుడు కూతురి దగ్గరికి వెళ్ళింది. ఎందుకో ఆ పళ్ళెం పెట్టడమే నా కళ్ళముందు ఆడుతూ ఉంటుంది. ఆ రాత్రి ఆసుపత్రిలో ఈశ్వరి కుడి చేతిని మోచేతి వరకు తీసేశారు.

సోమవారం వెళ్ళేసరికి మా గదికి తాళం. అయిదో బి ని లైబ్రరీలోకి మార్చారు. కిటికీలోంచి చూస్తే బోర్డు పూర్తిగా తుడిచి ఉంది, గడి కట్టిన టేపు కూడా పీకేశారు. ఫిర్యాదుల పుస్తకం అడిగితే కొత్త పుస్తకం చూపించారు. మిగతా గదుల్లో ఫ్యాన్లు ఎప్పటిలాగే ఊగుతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. మా వాళ్ళకి ఆ ధ్యాస కూడా లేదు, ఎందుకంటే కాలింది వాళ్ళ చేతులు కాదు.

మంగళవారం గౌరీదేవి మేడమ్ మళ్ళీ నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. హిందీలో టైపు చేసిన ఒక కాగితం ముందుకు తోశారు. పిల్లలు ఆటలాడుతూ సంచులు విసిరితే తగిలి ఫ్యాను ఊడిందని, స్కూలు తప్పేమీ లేదని, వైద్యం ఖర్చు దయతో స్కూలే భరిస్తోందని, తమకి ఫిర్యాదు లేదని అందులో ఉంది. కింద సూరమ్మ సంతకం కావాలి. సూరమ్మకి చదువు రాదు, మీరు తెలుగువాళ్ళు, మీ మాట వింటుంది, చదివి చెప్పి సంతకం తీసుకురండి అన్నారు. నేను కాగితం ముట్టుకోలేదు. అప్పుడామె ఫోను తీసి శనివారం ఫొటో చూపించారు. శాలువాతో నేను, నా భుజం పక్కన గడి, గడిలో పచ్చ టిక్కు. ఫ్యాను బాగుందని రాసిచ్చింది మీరే కదా, విచారణ అంటూ మొదలైతే ముందు మీ పేరే వస్తుంది అన్నారు. ఆమె కోపంగా అనలేదు. పైగా ఆ మాటలో అబద్ధం లేదు.

ఇంటికి వచ్చి తోమాస్‌కి అంతా చెప్పాను, టిక్కు సంగతితో సహా. మా అమ్మాయి జెన్సీ అదే స్కూల్లో ఎనిమిదో తరగతి, టీచర్ల పిల్లలకిచ్చే రాయితీ మీద చదువుతోంది. "సంతకం తెచ్చీ కుమారీ," అన్నాడు తోమాస్. "ఆ పిల్ల చెయ్యి ఎలాగూ తిరిగి రాదు. మన పిల్ల సదువు కూడా ఎందుకు పోగొట్టుకోడం?" ఆయన చెడ్డవాడు కాదు. నేనూ సరిగ్గా అదే ఆలోచిస్తున్నాను.

బుధవారం మధ్యాహ్నం కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. బలరామ్ ఇంకా రాలేదు. లారీ అప్పజెప్పడానికి గువాహటి దాటి వెళ్ళినవాడు, కబురు తెలిసి రైల్లో వస్తున్నాడు. సూరమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి ఆ స్టూలు నాకిచ్చి తాను గోడకి ఆనుకుని నిలబడింది. కూర్చోక తప్పలేదు.

ఈశ్వరి మేలుకునే ఉంది. దవడ కదలకుండా తీగలతో బిగించారు, ఇంకో నెలన్నర దాకా నోరు తెరవకూడదు. కుడి వైపు దుప్పటి మోచేతి దగ్గర చదునుగా ఉంది. పొట్ట మీద తన బుల్లి బోర్డు, ఎడమ చేతిలో మార్కరు. ప్లాస్టిక్ కవరు మీద వంకర టింకర గీతలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. నన్ను చూసి మార్కరు గట్టిగా పట్టుకుంది.

"మూడు దినాల్నుంచి ఇదే పని టీచరమ్మా," అంది సూరమ్మ. "రాత్తాది, సూపిత్తాది. నాకు సదవడం రాదు కదా, తలూపుతాను. సెరిపీసి మళ్ళీ అదే రాత్తాది. నర్సమ్మకి సూపితే దాహమేమో అని నీళ్ళు పట్టీసి ఎల్లిపోనాది. ఏటి రాసిందో మీరైనా సదవండి."

నలభై రెండు మంది పిల్లల రాత చదివే కళ్ళు నావి. ఎడమచేతి రాతయినా ఒక్క నిమిషం పట్టింది, అంతే. అందులో ఇలా ఉంది: మ్యామ్‌కి చెప్పు. పచ్చ టిక్కు తప్పు. నేనే పట్టుకున్నాను, కాని చెరపడానికి రాలేను. మ్యామ్‌నే చెరిపెయ్యమను, లేకపోతే అక్కడ ఇంకెవరైనా కూర్చుంటారు.

తప్పు పట్టుకున్నవాళ్ళే చెరపాలి, అది నా నియమం. ఆ పిల్ల మూడు రోజులుగా ఆ నియమం తప్పినందుకు నాకు సంజాయిషీ రాసుకుంటోంది. చదవడం రాని తల్లికి చూపిస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

దాహం వేస్తోందని రాసింది అని చెప్పేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నేను మంచిదాన్నని ఎవరూ అనుకోకూడదు. ఈశ్వరి కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు సూరమ్మకి తెలుగులో చదివి చెప్పాను. తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం తీసి, దాన్నీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి చెప్పాను. పిల్లలు సంచులు విసరలేదని, ఫ్యానుని ఎవరూ బాగు చెయ్యలేదని, బాగు చెయ్యలేదని నాకు లోలోపల తెలుసని, తెలిసే పచ్చ టిక్కు పెట్టానని, ఆ టిక్కు చూపించి ఈశ్వరిని ఆ బెంచీకి పంపింది నేనేనని చెప్పాను.

సూరమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె కొంగు చివర ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ నిలబడింది.

"నిచ్చెన ఉండే గది తాళం నా కొంగునే ఉంటాది," అంది. "ఆ వారంలో నిచ్చెన కావాలని ఎవులూ అడగనేదు. ఆ ఫ్యాను కాడికి ఎవులూ ఎక్కనేదని నాకు తెలుసు. శనివారం కుర్చీలు తెత్తే పచ్చ గీత కనిపించింది. టీచరమ్మ సదువుకున్న మనిషి, నాకు తెలవకుండా ఏటో సేయించుంటాది అనుకున్నాను. నోరు మూసుకుని టీలు కాసుకున్నాను."

చదువు రాని మనిషికి నిజం తెలుసు. చదువు వచ్చిన నేను పెట్టిన టిక్కు చూసి ఆమె తనకి తెలిసిన నిజాన్ని పక్కన పెట్టేసింది.

ఆ కాగితం తిప్పి, వెనక వైపు జరిగింది జరిగినట్టు హిందీలో రాశాను. మంగళవారం నుంచి శనివారం దాకా ఎవరు ఏమన్నారో, నేనేం చేశానో రాసి, సంతకం పెట్టి, సూరమ్మకి చదివి వినిపించాను. బలరామ్ రాగానే పోలీసు థానాలో ఇమ్మన్నాను. ఆమె దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. తర్వాత కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి నా ఒళ్ళో పడేసింది.

"మిగతా గదుల్లో ఇంకా పిల్లలు కూకునే ఉన్నారు. నాను ఇక్కడ కదల్నేను. నువ్వెళ్ళి సూడు," అంది. ఆమె స్కూల్లో చేరిన తొమ్మిదేళ్ళలో నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

మర్నాడు ప్రార్థన అవగానే సామాను గది తెరిచి నిచ్చెన లాక్కొచ్చాను. చీర కుచ్చిళ్ళు నడుములో దోపుకుని మొదటి గదిలో ఫ్యాను ఆపి ఎక్కాను. అది వేలాడే కొక్కెం పట్టుకుని ఊపి చూశాను, గట్టిగానే ఉంది. రెండో గదిలోనూ బాగానే ఉంది. ఈలోపు శ్యామ్ బాబు పరుగున వచ్చాడు, వెనకాల గౌరీదేవి మేడమ్ వచ్చారు. దిగమన్నారు. దిగకపోతే ఈ రోజుతో ఉద్యోగం ఆఖరన్నారు. ఆఖరనే నేను కూడా అనుకుంటున్నానని చెప్పి నిచ్చెన మూడో గదికి లాక్కెళ్ళాను.

అది నాలుగో తరగతి. రెండో బెంచీ మీది ఫ్యాను ఆపి, నిచ్చెన ఎక్కి కొక్కెం చుట్టూ చెయ్యి వేస్తే అరచేతిలోకి ఎర్రటి పొడి రాలింది. బోల్టుని తుప్పు సగం తినేసింది. దిగి వచ్చాను. బోర్డు మూల ఎర్ర చుక్క పెట్టి, పిల్లలందర్నీ బయటికి వెళ్ళమన్నాను.

ముందు బెంచీలోంచి తనుశ్రీ అనే పిల్ల లేచి, ఇది ఈశ్వరి దీదీ మీద పడినదాని లాంటిదేనా అని హిందీలో అడిగింది. అవునన్నాను. పిల్లలు సంచులు తీసుకుని గోడ పక్కనించి ఒక్కొక్కరే నడిచారు. నేను పెట్టిన ఎర్ర చుక్క వంక ఒక్కరూ చూడలేదు. అందరూ తలలు ఎత్తి, ఫ్యాను వంకే చూస్తూ వెళ్ళారు.